మర్రిచెట్ల దారిలో చేవెళ్లకు

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కి, కిటికీ ప్రక్కన చోటు దొరికినందుకు దేవునికి స్తోత్రము చెప్పుకొని కూర్చున్నాను. లంగర్‌హౌజ్ దాటి, పోలీస్ అకాడమీ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటగానే మర్రిచెట్లు మొదలవుతాయి. అక్కడి నుండి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, రోడ్డుకు ఇరువైపులా తొమ్మిది వందల పైచిలుకు చెట్లు. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటినవి. రోడ్డు వెడల్పు చేసే పనిలో వీటిని కొట్టివేయకుండా చూడాలని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఒకప్పుడు ఈ బస్సు కిటికీలోనుండి చెయ్యి చాపితే ఊడలు తగిలేవి. ఇప్పుడు కండక్టరు చెయ్యి బయట పెట్టనివ్వడు, అది వేరే సంగతి.

ఈ దారిలో నేను మొదట వచ్చింది 1990లో. మావారికి మొయినాబాద్ దగ్గర ఒక బడిలో ఉద్యోగము వచ్చింది. చంటిబిడ్డను ఎత్తుకొని, ఒక ట్రంకు పెట్టె, రెండు పరుపుచుట్టలతో దిగాము. ఇన్నేళ్ళకు మళ్ళీ వెళ్ళడానికి కారణము ఒక ఫోను. "అమ్మగారూ, మంచిగున్నరా? మా బిడ్డకు నర్సింగుల సీటొచ్చింది. ఆదివారం ఇంట్ల ప్రార్థన పెట్టుకున్నం. మీరు రావాలె. వాక్యం గూడ మీరే చెప్పాలె" అని ఆ గొంతు. ఆ గొంతు గలామె ఇప్పుడు చేవెళ్ల మండలములోని ఒక ఊరిలో అంగన్‌వాడీ టీచరు. ఒకప్పుడు మా ఇంట్లో పనిపిల్ల.

ఆ నెల నేను బానిసత్వమునకు విరోధముగా పోరాడిన స్త్రీలను గూర్చి చదువుకుంటున్నాను. వారిని గూర్చే చెప్పుదామని ముందు అనుకున్నాను. చదివిన కొద్దీ నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే మొయినాబాద్ సంగతి చెప్పాలి.

బస్సు అజీజ్‌నగర్ చేరింది. కుడివైపు గండిపేట చెరువు, ఎడమవైపు హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని కాపాడేందుకు కట్టించినవి. ఒకటి 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు చెరువుల నడుమ నేలంతా ఒకప్పుడు జొన్న, కూరగాయలు, టమాట. ఇప్పుడు మొయినాబాద్ పొడవునా ప్రహరీగోడలు, ఫామ్‌హౌసుల గేట్లు, ఇంజనీరింగు కాలేజీల బోర్డులు. మేము అద్దెకున్న ఇల్లు ఏదో నేను పోల్చుకోలేకపోయాను. ఎదురుగా ఉన్న చింతచెట్టును బట్టి అనుకుంటాను, అక్కడ ఇప్పుడు టైల్స్ దుకాణము.

ఆ ఇంటికి 1991 మార్చిలో ఒక తండ్రి తన ఏడేళ్ళ కూతురిని తీసుకొని వచ్చాడు. భార్యకు ఆపరేషను అంటే మావారు అతనికి రెండు వేలు అప్పు ఇచ్చి ఉన్నారు. తీర్చలేకపోయాడు. "పిల్లను ఉంచుకోండ్రి సారూ, మీ బిడ్డను ఆడిస్తది. బాకీ తీరేదాక ఉంటది" అన్నాడు. వడ్డీ లేదు, కాగితము లేదు. మేము ఎంతో దయ చూపామనే అనుకున్నాము. మాతోపాటే తినేది. క్రిస్మసుకు గౌను కుట్టించాను. ఆదివారము మాతో గుడికి తీసుకొనిపోయేదాన్ని. అక్కడ సండే స్కూలు పిల్లలు ముందు చాప మీద కూర్చుంటే, ఈ పిల్ల మా బాబును ఒళ్ళో పెట్టుకొని గుమ్మము దగ్గర కూర్చునేది. బాబు ఏడిస్తే బయటికి తీసుకొనిపోవడానికి అది వీలు. ఈ ఏర్పాటు చేసింది నేనే.

ఈ ప్రాంతములో దీనిని 'జీతం ఉండుడు' అంటారు. పెద్దవాడు నాగలి దగ్గర జీతము, చిన్నవాడు బర్రెల కాడ జీతము, ఆడపిల్ల ఇంట్లో జీతము. పేరు జీతమేగాని చేతికి వచ్చేది ఉండదు, ముందే తీసుకున్న అప్పులోకి పోతుంది. నిజాం రాజ్యములో దీనికి 'భాగేలా' అని పేరుండేది. భాగేలా ఒప్పందాలను అదుపు చేయాలని 1936లోనే ఇక్కడ చట్టము చేశారు. ఇంగ్లీషు కంపెనీ ఏలిన ప్రాంతాలలో 1843లో దాసత్వమును చట్టము గుర్తించకుండా చేశారు గాని ఆ శాసనము హైదరాబాద్ రాజ్యానికి వర్తించలేదు. చివరకు 1976లో భారత పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చేసింది. అప్పు క్రింద మనిషిని పనిలో ఉంచుకుంటే అది నేరము. అంతేకాదు, ఆ అప్పు చెల్లించవలసిన బాధ్యతే రద్దవుతుంది. మావారు ఉపాధ్యాయుడు, నేను డిగ్రీ చదివినదాన్ని. మా ఇంట్లో జరుగుతున్నది ఇదేనని మాకు ఎవరూ చెప్పలేదు. మేము ఎవరినీ అడగనూలేదు.

ఇప్పుడు కొంచెము సముద్రము దాటి వెళ్దాము. నన్ను నిద్ర పోనివ్వనివారు అక్కడ ఉన్నారు.

అమెరికా దక్షిణ ప్రాంతములో చార్లెస్టన్ అనే పట్టణములో గ్రిమ్‌కీ అనే న్యాయాధిపతి ఇల్లు. పొలాలు, దాసులు, దైవభక్తి అన్నీ ఉన్న కుటుంబము. అందులో సారా 1792లోను, ఏంజెలీనా 1805లోను పుట్టారు. సారాకు పనులు చేయడానికి తన ఈడు దాసిపిల్లను ఇచ్చారు. దాసులకు వ్రాత నేర్పరాదని ఆ రాష్ట్రములో 1740 నుండి చట్టము. సారా రాత్రిపూట తలుపు తాళపు రంధ్రము మూసి, పొయ్యి మంట ముందు ఇద్దరూ బోర్లా పడుకొని, ఆ పిల్లకు అక్షరాలు దిద్దించేది. తండ్రికి తెలిసి మాన్పించాడు.

ఆ మాట చదివినప్పుడు పుస్తకము మూసేశాను. సారా చిన్నపిల్ల, చట్టము వద్దంటున్నా నేర్పింది. మా ఇంట్లో ఏ చట్టము అడ్డము? మావారు పగలంతా బడిలో అరవైమందికి అక్షరాలు నేర్పి ఇంటికి వస్తే, ఈ పిల్ల చెంబుతో నీళ్ళు ఇచ్చేది.

పెద్దయ్యాక అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఇల్లు విడిచి ఉత్తరాన ఫిలడెల్ఫియా చేరి క్వేకర్ల సంఘములో కలిశారు. బానిసత్వాన్ని ఖండించిన మొదటి క్రైస్తవ సమాజాలలో క్వేకర్లది ఒకటి. అయినా ఆ ఆరాధనా మందిరములో నల్లవారికి వేరే బల్ల! సారా డగ్లస్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు, ఆమె తల్లి ఆ బల్ల మీద కూర్చుంటుంటే గ్రిమ్‌కీ సోదరీలు వెళ్ళి వారి ప్రక్కన కూర్చునేవారు. పెద్దలకు నచ్చలేదు. మన గుళ్ళలో కూడా ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరి పాత్రలో ఎవరికి నీళ్ళు అనే గొడవలు తాతలనాటి నుండి విన్నవారికి ఇది వింత కాదు.

1836లో ఏంజెలీనా తన దక్షిణ ప్రాంతపు క్రైస్తవ స్త్రీలకు ఒక విన్నపము వ్రాసి అచ్చు వేయించింది. చదవండి, ప్రార్థించండి, మాట్లాడండి, చేయండి అని నాలుగు పనులు చెప్పింది. మీ దాసులను విడిపించండి, ఉండిపోతామన్నవారికి జీతము ఇవ్వండి, చదువు నేర్పండి అంది. చార్లెస్టన్‌లో ఆ ప్రతులను బహిరంగముగా తగులబెట్టారు. మరుసటి ఏడు అక్కాచెల్లెళ్ళు ఊరూరా తిరిగి మాట్లాడితే మగవారూ వచ్చి వినసాగారు. అప్పుడు కదిలింది అసలు తుపాను, దాసుల యజమానుల నుండి కాదు, పాదిరిగార్ల నుండి. మస్సాచుసెట్స్ సంఘకాపరులు కలిసి 1837లో ఒక లేఖ వెళ్ళగొట్టారు. స్త్రీ పందిరి మీద పాకే తీగలాంటిది, తానే చెట్టు కాబోతే ఫలము ఇవ్వకపోగా అవమానము పాలై నేల పడుతుందని దాని భావము. సారా ఊరుకోలేదు. వాక్యమును తర్జుమా చేసినవారంతా పురుషులే, స్త్రీలు కూడా గ్రీకు, హెబ్రీ నేర్చుకొని చదివితే అర్థాలు వేరుగా వస్తాయని 1838లో అచ్చయిన తన ఉత్తరాలలో జవాబిచ్చింది. అదే సంవత్సరము ఏంజెలీనా క్వేకరు కాని వానిని పెండ్లి చేసుకున్నందుకు ఆమెను, ఆ పెండ్లికి వెళ్ళినందుకు సారాను సంఘము వెలివేసింది.

దాసత్వములోనుండే లేచిన స్త్రీలూ ఉన్నారు. సోజర్నర్ ట్రూత్ 1826లో చంటిబిడ్డను చంకనెత్తుకొని యజమాని ఇంటినుండి నడిచి వచ్చేసింది. అమ్మివేయబడిన తన కొడుకు కోసము కోర్టుకెక్కి 1828లో గెలిచింది. చదువు రాదు, వాక్యము నోటికి వచ్చు. ఆమెతో తర్కించి నెగ్గిన బోధకులు తక్కువ.

బైబిలు పట్టుకొని రెండు పక్షాలూ వాదించుకున్నాయి. దాసులు యజమానులకు లోబడమని పౌలు ఎఫెసీయులకు వ్రాశాడు గదా అని ఒకరు. అదే పౌలు పారిపోయిన ఒనేసిమును తిరిగి పంపుతూ, దాసునిగా కాదు సహోదరునిగా చేర్చుకోమని ఫిలేమోనుకు వ్రాయలేదా అని ఇంకొకరు. పారిపోయి వచ్చిన దాసుని యజమానికి అప్పగించవద్దని ద్వితీయోపదేశకాండము 23లో ఉన్నది గదా అని మరొకరు. ఈ తగవు సంఘాలనే చీల్చింది. మెథడిస్టులలో ఒక బిషప్పుగారికి దాసులున్నారని 1844లో తగవు వచ్చి ఉత్తర, దక్షిణ సంఘాలుగా విడిపోయారు. 1939 దాకా మళ్ళీ కలవలేదు. దాసుల యజమానులను మిషనరీలుగా పంపము అని బాప్తిస్టు బోర్డు చెప్పినందుకు దక్షిణాదివారు 1845లో వేరే సంస్థ పెట్టుకున్నారు. నల్లజాతివారి విషయమై తమ పూర్వికులు చేసినదానికి వారు క్షమాపణ తీర్మానము చేసింది 1995లో!

ఇదంతా మనకెందుకు అనుకోకండి. నెల్లూరులో 1840లో స్థిరపడిన బాప్తిస్టు మిషను ఆ చీలికలో ఉత్తరాది పక్షాన ఉండిపోయింది. హైదరాబాదు, వికారాబాదు వైపు పనిచేసిన అమెరికను మెథడిస్టులు కూడా ఉత్తరాది సంఘమువారే. ఈ చేవెళ్ల రోడ్డే ఇంకా ముందుకు పోతే వికారాబాదు, అది దాటితే 1923 నుండి మెథడిస్టు క్రైస్తవ జాతర జరిగే ధారూరు. అదే సంఘపు స్త్రీలు 1869లో బోస్టనులో తమ సొంత మిషనరీ సంఘము పెట్టుకొని, తమ చందాలతో, తమ పేరున ఆడవారినే పంపారు. హైదరాబాదులో 1895లో మొదలైన స్టాన్లీ ఆడపిల్లల బడి ఆ చందాల ఫలమే. పందిరి మీది తీగ అన్నారు గాని, మన అమ్మమ్మలు చాలామంది ఆ తీగ నీడలోనే అక్షరాలు దిద్దారు.

ఇంగ్లండులో ఎలిజబెత్ హేరిక్ అనే విధవరాలు, ఆమె కూడా క్వేకరే, 1824లో ఒక చిన్న పుస్తకము వ్రాసింది. విల్బర్‌ఫోర్సుగారు మొదలైన పెద్దలంతా 'క్రమక్రమముగా' దాసుల విడుదల అంటున్న రోజులవి. ఈమె 'వెంటనే' అంది. లెస్టరు పట్టణములో ఇల్లిల్లూ తిరిగి, దాసులు పండించిన పంచదార కొనవద్దని బ్రతిమాలింది. ఆడవారు ఇట్లా వీధులు పట్టుకొని తిరగడము విల్బర్‌ఫోర్సుగారికి సమ్మతము కాలేదు. ఆయన భక్తిని నేను తక్కువ చేయడము లేదు. ఈ విషయములో మాత్రము ఆమెదే సరియైన చూపు. 'క్రమముగా' అనే మాట పెద్ద సంఘము తీసివేయకపోతే స్త్రీల సంఘాల చందా ఆపుదామని 1830లో ఆమె పట్టుబట్టించింది. ఆ ఏడే ఆ మాట పోయింది. చట్టము 1833లో వచ్చింది. ఆమె 1831లోనే కన్నుమూసింది. ఆ చట్టము దాసుల యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారము ఇచ్చింది. దాసులకు ఏమీ ఇవ్వలేదు.

వెంటనేనా, క్రమక్రమముగానా? సరిగ్గా ఈ తగవే ఈ మర్రిచెట్ల దారిలో మళ్ళీ జరిగింది. నేను అందులో ఏ పక్షాన ఉన్నానో ఇప్పుడు చెప్పాలి.

నెల్లూరులో 1950లో పుట్టిన శాంతా సిన్హాగారు హైదరాబాద్ విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్రము బోధించేవారు. వెట్టి కూలీల మధ్య పనిచేస్తూ, వారి పిల్లలే రేపటి వెట్టివారవుతున్నారని చూచారు. తన తాతగారు, చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో పెట్టిన సంస్థ ద్వారా 1991లో రంగారెడ్డి జిల్లాలో మూడు గ్రామాలతో పిల్లల పని మొదలుపెట్టారు. చేవెళ్ల, శంకర్‌పల్లి చుట్టుప్రక్కల ఊళ్ళకు అది ప్రాకింది. అప్పటికి ఉన్న 1986 చట్టము ప్రమాదకరమైన పనులలోనే పిల్లలను వద్దంది. బర్రెలు కాయడము, ఇంటిపని, పొలముపని లెక్కలో లేవు. ముందు పేదరికము పోవాలి, పిల్లల పని దానంతట అదే పోతుందని పండితులు చెప్పేవారు. శాంతగారు ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే, ఏ పనైనా సరే. ఇదొక్కటే ఆమె పట్టు. ఊరి యువకులు, యువతులే ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులతోను, పనిలో పెట్టుకున్న ఆసాములతోను మాట్లాడేవారు. విడిపించిన పిల్లలను శిబిరములో కొన్ని నెలలు ఉంచి, ఆటపాటలతో చదువు పట్టించి, వయసుకు తగిన తరగతిలోనే సర్కారు బడిలో చేర్చేవారు. పదేళ్ళ పిల్ల ఒకటవ తరగతిలో కూర్చుంటే సిగ్గుపడి పారిపోతుంది గదా, అందుకు. ఆమెకు 2003లో మెగసెసే బహుమతి వచ్చింది. 2007లో దేశపు బాలల హక్కుల కమిషనుకు మొదటి అధ్యక్షురాలయ్యారు.

ఈ పని మన సంఘాల పేరున జరిగినది కాదు. మిషను బోర్డింగులలో ఎందరో పేదపిల్లలను చదివించిన మనము, ఇండ్లలోని పనిపిల్లలను మాత్రము చూడలేకపోయాము.

1994 మే నెలలో ఒక సాయంత్రము మా గుమ్మము ముందుకు ఆ పిల్ల తండ్రితోపాటు ఇద్దరు యువకులు, ఒక అమ్మాయి వచ్చారు. ఇరవై ఏండ్లుంటాయేమో ఆ అమ్మాయికి, చెప్పులు అరిగి ఉన్నాయి. "అమ్మా, పిల్లను బడికి తోలుతమని వచ్చినం" అంది. నాకు కోపము వచ్చింది. ఇక్కడ కడుపునిండా తింటున్నది, అక్కడ ఏమి తింటుంది అన్నాను. ఇంకో రెండేళ్ళు పోనీ, నేనే నెమ్మదిగా చదివిస్తాను అన్నాను. లోబడి యుండుట గూర్చి ఒక వాక్యము కూడా చెప్పాను, దేవుడు నన్ను క్షమించునుగాక. ఏదీ పారకపోయేసరికి చివరికి అడిగాను, "మరి మా అప్పు సంగతేమిటి?" అని. ఆ తండ్రి తల వంచుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రము నా వైపే చూస్తూ, "మూడేండ్లు చేసింది గదమ్మా" అంది. మావారు లోపలి నుండి వచ్చి, తీసుకొనిపొండి అన్నారు. పిల్ల బాబును చాప మీద పడుకోబెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నేను చేతిలో ఏమీ పెట్టలేదు.

దాసుని విడిచి పంపునప్పుడు వట్టి చేతులతో పంపరాదని ద్వితీయోపదేశకాండము 15లో ఆజ్ఞ ఉన్నది. ఆ అధ్యాయము నేను ఎన్నిసార్లు చదివి ఉంటాను!

చేవెళ్లలో దిగి, ఆటోలో వారి ఊరు చేరేసరికి పన్నెండయింది. షామియానా వేశారు. స్త్రీల సమాజమువారు నలభైమంది దాకా, బంతిపూల తోటల పనినుండి నేరుగా వచ్చినవారూ ఉన్నారు. ఆమె ఎదురొచ్చి నా చేతిలోని సంచి అందుకోబోయింది. నేను ఇవ్వలేదు. గ్రిమ్‌కీ అక్కాచెల్లెళ్ళ సంగతి, హేరికమ్మ సంగతి చెప్పాను. తాళపు రంధ్రము మూసి అక్షరాలు దిద్దించిన మాట దగ్గర ముసలమ్మలు నవ్వారు. మొయినాబాద్ సంగతి కూడా చెప్పాను. పేరు చెప్పలేదు. ఆమె ఇల్లే అది, అందరికీ తెలిసిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. వెనుక కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రము, "నేను గూడ పదేండ్లు బర్రెల కాడ ఉంటి" అంది, ఎవరితోనో చెప్పినట్టు.

భోజనాలయ్యాక గదిలో ఆమె, ఆమె కూతురు, నేను మిగిలాము. సంచిలోనుండి కవరు తీశాను. ఎంత పెట్టాలో లెక్క కట్టడానికి నాకు వారము పట్టింది. నాటి కూలి ఎంత, ఇన్నేళ్ళకు ఎంత అవుతుంది అని. సరిగా వచ్చిందని చెప్పలేను. ఆమె వద్దంటుందని, బ్రతిమాలవలసి వస్తుందని బస్సులో మాటలు కూడా కూర్చుకొని పెట్టుకున్నాను. ఆమె వద్దనలేదు. కవరు విప్పి, నోట్లు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, కూతురి చేతిలో పెట్టింది.

"హాస్టల్ ఫీజుకు పెట్టుకో."

"ఏం పైసలే అమ్మా ఇవి?" అని ఆ పిల్ల అడిగింది.

"నా జీతం. మూడేండ్ల రెండు నెలలది" అంది తల్లి.

ఆరు గంటల బస్సుకు ఆ పిల్లే నన్ను రోడ్డు దాకా తీసుకొని వచ్చింది. మర్రిచెట్టు క్రింద నిలబడి, నర్సింగులో మొదటి సంవత్సరము ఏమేమి పుస్తకాలుంటాయో చెప్పుతూనే ఉంది, బస్సు వచ్చేదాకా.